లెక్కలో లేని నీళ్ళు

అరసవల్లి: మాఘ శుద్ధ సప్తమి నాడు తెల్లవారకముందే ఇంద్ర పుష్కరిణి మెట్ల మీద కాలు పెట్టే చోటుండదు. తల మీద జిల్లేడాకు, రేగుపండు పెట్టుకుని మూడు మునకలు వేసి, తడి బట్టలతోనే దర్శనానికి బారులు తీరే జనం ఒక్క శ్రీకాకుళం జిల్లా వారే కాదు. విజయనగరం, పార్వతీపురం వైపు నుంచీ, సరిహద్దు దాటి ఒడిశా నుంచీ వస్తారు. 2025లో ఈ రథసప్తమిని రాష్ట్ర పండుగగా జరిపిన సంగతి విదితమే.

ఈ పుష్కరిణిని ఇంద్రుడు తన వజ్రాయుధంతో తవ్వాడనీ, అలా తవ్వుతుండగానే సూర్యనారాయణస్వామి మూర్తి బయటపడిందనీ స్థలపురాణం చెబుతుంది. గుడి కన్నా ముందు నీరు పుట్టిందన్న మాట. పండుగ వచ్చిందంటే టిక్కెట్లకు లెక్క ఉంటుంది, ప్రసాదానికి లెక్క ఉంటుంది, హుండీకి లెక్క ఉంటుంది. అందరూ మునిగే నీటికి మాత్రం లెక్క అడిగేవారు తక్కువ.

ఆ లెక్క లేకపోలేదు. జనం స్నానం చేసే నీరు ఎలా ఉండాలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఏనాడో నిర్ణయించింది. లీటరు నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువు 5 మిల్లీగ్రాములకు తగ్గరాదు. కుళ్ళును సూచించే బి.ఓ.డి. అనే కొలత 3 మిల్లీగ్రాములు దాటరాదు. మలమూత్రాల జాడ చెప్పే కోలిఫాం సూక్ష్మజీవుల సంఖ్య వంద మిల్లీలీటర్లకు 500 మించరాదు. గుడి కోనేరైనా, నది రేవైనా, ఊరి చెరువైనా ఇదే కొలబద్ద. ఈ అంకెలు బోర్డు మీద రాసిపెట్టిన స్నానఘట్టం ఎక్కడైనా ఉంటే అరుదనే చెప్పాలి.

నీటికి ఊపిరి

నీటిలో ప్రాణవాయువేమిటని కొందరికి అనిపించవచ్చు. చేప కూడా ఊపిరి పీల్చేదే. నీటిలో కరిగిన గాలినే అది మొప్పలతో తీసుకుంటుంది. చిక్కేమిటంటే, నీరు వేడెక్కేకొద్దీ అందులో నిలిచే ప్రాణవాయువు తగ్గిపోతుంది. 20 డిగ్రీల చల్లని నీరు లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా పట్టి ఉంచగలదు. 30 డిగ్రీలకు వచ్చేసరికి ఏడున్నరకు మించి పట్టదు. చలి దేశాల చెరువు కన్నా మన చెరువు పుట్టుకతోనే తక్కువ ఊపిరితో బతుకుతోంది. పైగా వేడిలో కుళ్ళు తొందరగా సాగుతుంది. వేసవిలో కుండలో అన్నం ఎంత త్వరగా పులిసిపోతుందో ఇల్లాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. అందుకే పరీక్ష పద్ధతి కూడా మనకు వేరుగా ఉంది. బి.ఓ.డి. చూడడానికి చలి దేశాల్లో నీటిని 20 డిగ్రీల దగ్గర 5 రోజులు ఉంచుతారు. మన దేశంలో 27 డిగ్రీల దగ్గర 3 రోజులు ఉంచితే చాలు.

ఇప్పుడు కదలని నీటిలో పూలు, ఆకులు, నూనె, పసుపు, సబ్బు, వదిలేసిన బట్టలు పడ్డాయనుకోండి. వాటిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు ముందు నీటిలోని ప్రాణవాయువునే తినేస్తాయి. సబ్బుపొడి, మురుగు, పొలం ఎరువు చేరితే నాచు విపరీతంగా పెరుగుతుంది. నాచు పగలంతా ఎండలో ప్రాణవాయువును వదులుతుంది, రాత్రంతా పీల్చుకుంటుంది. కాబట్టి కోడి కూసే వేళకు నీటిలో ఊపిరి అట్టడుగుకు చేరుతుంది. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరిచేది అప్పుడే.

ఈ సంగతి తెలియక పల్లెల్లో తగవులు వస్తుంటాయి. తెల్లారి చూసేసరికి చెరువులో చేపలు తేలి ఉంటాయి. ఎవరో మందు కలిపారని పాత పగలు బయటికి వస్తాయి. మందు కలిపే దుర్మార్గులు లేరని కాదు. అయితే గుర్తులు వేరుగా ఉంటాయి. ఊపిరి అందక చచ్చేటప్పుడు సాధారణంగా పెద్ద చేపలు ముందు పోతాయి, అదీ తెల్లవారుజామున. ఎండ వచ్చాక మిగిలినవి కోలుకుంటాయి. కొరమేను బతికి ఉంటుంది, ఎందుకంటే అది పైకి వచ్చి బయటి గాలి పీల్చుకోగలదు. విషం కలిసిన చోట వేళాపాళా ఉండదు. చిన్న చేపలు ముందు పోతాయి, కప్పలు, నీటి పురుగులు కూడా చస్తాయి. పోలీసు స్టేషనుకు పోయే ముందు ఈ గుర్తులు చూస్తే సగం తగవులు గట్టు మీదే తీరుతాయి.

యంత్రం లేకుండానే నీటి ఆరోగ్యం పట్టే ఉపాయాలు ఇంకా ఉన్నాయి. శాస్త్రవేత్తలు కూడా వీటినే వాడతారు. ఒడ్డున గడ్డి మొదళ్ళలో తూనీగ పిల్లపురుగులు రకరకాలు కనిపిస్తే నీరు బాగున్నట్టు. అడుగు బురద తీస్తే సన్నని ఎర్ర పురుగులు తప్ప మరేమీ దొరక్కపోతే ఆ నీటికి ఊపిరి ఆడడం లేదని అర్థం. పదేళ్ళ కుర్రవాడు కూడా ఒక తట్ట, ఒక పాత దోమతెర గుడ్డ పట్టుకుని ఈ పరీక్ష చేయగలడు.

నాగావళి సంగతి

పుష్కరిణికి కూతవేటు దూరంలో కాకపోయినా, అరసవల్లికి దగ్గరలోనే నాగావళి పారుతోంది. ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టి, దారిలో జంఝావతిని, వంగర మండలం సంగాం దగ్గర సువర్ణముఖి, వేగావతులను కలుపుకుని, సుమారు 256 కిలోమీటర్లు నడిచి కళ్ళేపల్లి వద్ద సముద్రంలో కలుస్తుంది. బలరాముడు నాగలితో గీసిన చాలు ఈ నది అయిందని పెద్దలు చెబుతారు. లాంగుల్య అన్న పేరు అందువల్లే వచ్చింది.

2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశం మొత్తం మీద 351 చోట్ల నదులు కలుషితమయ్యాయని జాబితా విడుదల చేసింది. అందులో ఆంధ్రప్రదేశ్ నుంచి అయిదు నదుల భాగాలున్నాయి. గోదావరి, కృష్ణ, తుంగభద్ర, కుందూ సరసన నాగావళి పేరు కూడా ఉంది, తోటపల్లి ప్రాంతం పేరిట. దీన్ని అయిదో తరగతిలో చేర్చారు. బి.ఓ.డి. 3 దాటి 6 లోపు ఉన్నవన్నీ ఆ తరగతే. ఉన్న అయిదు తరగతుల్లో ఇదే తేలికైనది. జబ్బు ముదరలేదన్న మాట. వైద్యం చేయడానికి ఇంతకన్నా మంచి అదను దొరకదు.

వానాకాలంలో నది తనను తాను కడుక్కుంటుంది. చిక్కంతా వేసవిలోనే. పైన ఆనకట్టల దగ్గర నీరు ఆగిపోతుంది. కింద సన్నని పాయ మిగులుతుంది. అందులోకి ఊళ్ళ మురుగు మాత్రం పన్నెండు నెలలూ ఒకే తీరుగా వస్తుంది. పది పాళ్ళ మంచి నీటిలో ఒక పాలు మురుగు కలిస్తే నది అరాయించుకుంటుంది. పాయ ఎండి, మురుగే సగం అయితే దాన్ని నది అనడానికి నోరు రాదు. ఇసుక తవ్వకం దీనికి తోడు. ఇసుక అంటే ఇల్లు కట్టుకునే సరుకని మాత్రమే అనుకుంటాం. నది అడుగున ఇసుక నీటిని వడకట్టే జల్లెడ, ఒడ్డు బావులకు ఊట, చేప గుడ్డు పెట్టే తావు. లోతుగా తవ్వేస్తే నీటి మట్టం పడిపోయి పక్క ఊళ్ళ బావులు ఎండుతాయి. సముద్రం దగ్గర ఊళ్ళలో అయితే ఉప్పు నీరు పైకి ఎగబాకుతుంది.

చెరువులు, బందలు

నదికి జాబితా అయినా ఉంది. ఊరి చెరువుకు, బందకు అదీ లేదు. ఈ జిల్లాల్లో వరి పండించింది పెద్ద ప్రాజెక్టుల కన్నా ముందు చిన్న చెరువులే. చెరువు అంటే మదుము తీస్తే పొలానికి పారే నీరు మాత్రమే కాదు. చాకిరేవు, పశువుల కడుగుడు, తామరాకు, చాపకు తుంగ, వేసవిలో పొలానికి పూడిక మట్టి, ఇవన్నీ దాని పంటలే. చేపల వేలం సరేసరి. సొసైటీలు వేసే బొచ్చె, రోహు పిల్లలకు కాగితం మీద లెక్క ఉంటుంది. ఎవరూ వేయకుండా తమంత తామే పుట్టే పరిగెలకు, జెల్లలకు లెక్క లేదు. కాని కూలి వాళ్ళ ఇంట్లో కుండలో ఉడికేవి అవే. ముల్లుతో సహా తినే చిన్న చేపల్లో సున్నం, విటమిన్లు కోసిన ముక్కల కన్నా ఎక్కువని పోషకాహార నిపుణులు చెబుతారు. చెరువు పాడైతే ముందు పోయేది ఈ కూరే. ఇది ఏ నష్టపరిహారం పట్టీలోనూ కనబడదు.

గుర్రపుడెక్క మరో పీడ. దక్షిణ అమెరికా నుంచి పువ్వు అందంగా ఉందని తెచ్చిన మొక్క ఇది. పందొమ్మిదో శతాబ్దం చివర బెంగాలులో అడుగు పెట్టి దేశమంతా పాకింది. మురుగు బలం దొరికితే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. నీటిపై పందిరి వేసినట్టు కప్పేసి కిందికి వెలుగు పోనివ్వదు. ఏటా కూలీలను పెట్టి తీయిస్తారు, మరుసటి ఏడు మళ్ళీ వస్తుంది. మురుగు కాలువను మళ్ళించకుండా డెక్క తీయించడం చిల్లు కుండకు నీళ్ళు పోయడమే.

చట్టం కాపాడదా అంటే, ఇక్కడొక మెలిక ఉంది. చిత్తడి నేలల రక్షణకు కేంద్ర ప్రభుత్వం 2010లో ఒకసారి, 2017లో మరోసారి నిబంధనలు తెచ్చింది. 2017 నిబంధనల ప్రకారం నది పాయలు, వరి మళ్ళు, తాగునీటికో సాగునీటికో మనిషి తవ్వించిన చెరువులు చిత్తడి నేలల లెక్కలోకి రావు. మన చెరువుల్లో చాలా భాగం తాతల నాడు సాగు కోసం తవ్వించినవే కాబట్టి ఆ గొడుగు కిందికి రావడం కష్టం. అయితే దారులు పూర్తిగా మూసుకుపోలేదు. రాష్ట్రంలో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ఉంది. ఊరి చెరువులు, కుంటలు ఉమ్మడి ఆస్తి అనీ, వాటిని ఆక్రమణల నుంచి కాపాడాలనీ సుప్రీంకోర్టు 2001లో హించ్ లాల్ తివారీ కేసులో చెప్పింది. 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో మరింత గట్టిగా చెప్పి, ఆక్రమణలు తొలగించే పథకాలు వేయాలని రాష్ట్రాలన్నింటినీ ఆదేశించింది. ఆక్రమించి చాలా ఏళ్ళయింది, ఇల్లు కట్టేసుకున్నాం అన్న సాకు చెల్లదని కూడా ఆ తీర్పులో ఉంది. చెరువు గర్భంలో రాళ్ళు పాతినవాడితో మాట్లాడవలసి వచ్చినప్పుడు ఈ రెండు కేసుల పేర్లు గుర్తుంచుకోవడం మంచిది.

బీల నేర్పిన పాఠం

లెక్కలో లేకపోతే ఏమవుతుందో సోంపేట బీలకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. సముద్రానికి కాస్త ఎడంగా, ఇసుక దిబ్బల వెనక, పైనుంచి దిగే వాన నీరు నిలిచే పల్లపు నేలను అటు బీల అంటారు, నౌపడా, కాకరాపల్లి వైపు తంపర అంటారు. వానాకాలంలో చెరువులా నిండుతుంది. నీరు తీసిన కొద్దీ అంచుల్లో వరి, మధ్యలో చేప, మిగతా నేల పశువుల మేత. ఎండాకాలంలోనూ తేమ పోదు. చుట్టుపక్కల పొలాలకు నీరెత్తుకునేది, ఊళ్ళ బావులకు ఊట ఇచ్చేది అదే. పెద్ద వాన వస్తే ఆ నీటిని తాగి ఊళ్ళ మీద పడకుండా చూసేదీ అదే.

ఇంత చేసే నేలను కాగితాల్లో చూస్తే పనికిరాని ప్రభుత్వ భూమి. శిస్తు కట్టే నేలకే విలువ కట్టిన పాత రెవెన్యూ పద్ధతి అది. దున్నని నేల, అమ్మని నేల దాని దృష్టిలో ఖాళీ నేలే. 2008లో ఈ బీలలో సుమారు 970 ఎకరాలను బొగ్గుతో నడిచే థర్మల్ విద్యుత్ కేంద్రం కోసం నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి కేటాయించారు. తర్వాత కేంద్రం నుంచి పర్యావరణ అనుమతి కూడా వచ్చింది. రైతులు, మత్స్యకారులు అది ఖాళీ నేల కాదని మొత్తుకున్నారు. సంఘం పెట్టుకున్నారు, నిరాహార దీక్షలు చేశారు, అధికారుల చుట్టూ తిరిగారు. ఇంకోవైపు కొందరు చదువుకున్నవారు అనుమతి పత్రాలు చదివి, అందులో రాసిన నేలకూ కళ్ళ ముందున్న నేలకూ పొంతన లేదని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ముందు వాదించారు.

2010 జూలై 14న పనులు మొదలుపెట్టడానికి బలగాలు వచ్చాయి. జనం అడ్డుపడ్డారు. పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు, ఎందరో గాయపడ్డారు. అదే రోజున ఢిల్లీలో అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. అది చిత్తడి నేల అన్న విషయాన్ని అనుమతి ఇచ్చే ముందు సరిగా చూడకపోవడమే అందుకు ముఖ్య కారణం. తీర్పు ఒక్కరోజు ముందు వచ్చి ఉంటే ఆ ఇద్దరూ ఇళ్ళకు వెళ్ళేవారన్న మాట సోంపేట ప్రాంతంలో ఇవాళ్టికీ వినబడుతుంది. ఆ తర్వాత ఎనిమిది నెలలు తిరగకుండానే, 2011 ఫిబ్రవరి 28న, కాకరాపల్లి తంపర దగ్గర మరో థర్మల్ కేంద్రం విషయంలో మళ్ళీ కాల్పులు జరిగాయి, మళ్ళీ ప్రాణాలు పోయాయి.

కరెంటు వద్దని ఆ ఊళ్ళవారు అనలేదు. వారు అడిగింది ఒక్కటే, ఈ నేలలో ఏముందో ముందు చూడండని. బీలలో ఏ నెలలో ఎంత నీరుంటుంది, ఎన్ని రకాల చేపలున్నాయి, ఎన్ని కుటుంబాలు దాని మీద బతుకుతున్నాయి, ఏ పక్షి ఎప్పుడు వస్తుంది, ఈ వివరాలు ముందుగానే రాసిపెట్టి ఉంటే, దాన్ని ఖాళీ నేలగా చూపే కాగితం మీద సంతకం చేయడం అంత సులువుగా జరిగేది కాదు.

తేలినీలాపురం పక్షులు

అదే తీరంలో టెక్కలి మండలం తేలినీలాపురం కథ మరోలా నడిచింది. ఏటా సెప్టెంబరు ప్రాంతంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊరి మధ్య చెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లలను పెంచుకుని వేసవి ముందు వెళ్ళిపోతాయి. ఇవి వస్తేనే ఊరికి మంచిదని గ్రామస్థుల నమ్మకం. రెట్ట కంపు కొట్టినా, కొమ్మలు విరిగినా ఓర్చుకుంటారు. వీటిని అందరూ సైబీరియా పక్షులంటారు గాని, అది సరికాదు. గూడబాతు, ఎర్రకాళ్ళ కొంగ రెండూ దక్షిణాసియా పక్షులే, మన దేశంలోనే గూడు కట్టి పిల్లలు చేస్తాయి. పరదేశం నుంచి చుట్టపుచూపుగా వచ్చినవి కావు, ఇంటి పక్షులే. ఈ తేడా చిన్నది కాదు. చుట్టం ఈ ఏడు రాకపోతే వచ్చే ఏడు వస్తాడులే అనుకుంటాం. ఇంటివారు కనబడకపోతే వెతకాలి.

చెట్లను ఊరు కాపాడుతోంది సరే, మేత ఎక్కడిది? గూళ్ళలో పిల్లలకు కావలసిన చేపలు చుట్టుపక్కల తంపరల నుంచీ, చెరువుల నుంచీ, ఉప్పుటేర్ల నుంచీ రావాలి. ఊళ్ళో చెట్టు నిలిచి, బయట నీరు పోతే పక్షి నిలవదు.

మన పక్కనే ఉన్న ఒడిశాలో చిలికా సరస్సు ఉత్తరపు అంచున మంగళాజోడి అని ఒక ఊరుంది. అక్కడిది మంచినీటి చిత్తడి నేల. ఒకప్పుడు ఆ ఊరివారు పక్షులను వేటాడి అమ్ముకునేవారు. 2000 సంవత్సరంలో రక్షణ సంఘం పెట్టుకుని వేట మానేశారు. ఇప్పుడు ఆ పాత వేటగాళ్ళే పడవలు నడిపి యాత్రికులకు పక్షులను చూపిస్తున్నారు. పక్షి ఎక్కడ దాక్కుంటుందో, ఎప్పుడు లేస్తుందో వేటగాడికి తెలిసినట్టు మరెవరికి తెలుస్తుంది? ఆ తెలివి లెక్కకు పనికొచ్చింది.

ఎదురు ఉదాహరణ కొల్లేరు. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యం గల రామ్సార్ జాబితాలో చేర్చారు. అప్పటికే చేపల చెరువుల గట్లు సరస్సు నిండా లేచాయి. 2006లో వాటిని యంత్రాలతో పగలగొట్టవలసి వచ్చింది. గట్టు వేసినవాడూ నష్టపోయాడు, అందులో కూలి చేసినవాడూ నష్టపోయాడు. లెక్క ఆలస్యమైతే ఖర్చు అంతగా పెరుగుతుంది.

ఊరి రిజిస్టరు

ప్రపంచం మొత్తం మీద 1970 నుంచి 2015 లోపు చిత్తడి నేలల్లో నూటికి 35 వంతులు పోయాయని అంతర్జాతీయ నివేదిక తేల్చింది. భూమి మీద మంచినీరు పరుచుకున్నది నూటికి ఒక వంతు కన్నా తక్కువ చోటులో. కాని చేపల రకాల్లో దాదాపు సగం ఆ కాస్త నీటిలోనే ఉన్నాయి. ఇంత పెద్ద లెక్కలు విని మనవల్ల ఏమవుతుందనుకోవడం సహజం. అయితే 2002 నాటి జీవవైవిధ్య చట్టం పల్లెకు ఒక పని అప్పగించింది. ప్రతి పంచాయతీకీ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఊళ్ళో ఉన్న చెట్టూ చేమా, చేపా పిట్టా, వాటి గురించి ఊరివారికి తెలిసిన సంగతులూ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో రాయాలి. చాలా ఊళ్ళవారికి తమ పంచాయతీలో అలాంటి రిజిస్టరు ఉండాలన్న సంగతే తెలియదు. పట్టణంలో కూర్చుని పక్క ఊరి రిజిస్టరు చూసి నింపితే అది ఎందుకూ కొరగాదు.

అందులో రాయవలసినవి తెలిసినవారు ఊళ్ళోనే ఉన్నారు. ఏ గెడ్డలో ఏ నెల దాకా నీరుంటుందో పశువుల కాపరికి తెలుసు. పదేళ్ళ కిందట వలలో పడిన ఏ చేప ఇప్పుడు పడడం లేదో వలవేసేవారికి తెలుసు. రేవు నీటికి నురగ ఎప్పటి నుంచి పడుతోందో చాకలివారు చెబుతారు. మందుకు ఏ నీటి ఆకు కావాలో మంత్రసానులకు, నాటువైద్యులకు తెలుసు. వీరిని ఒకచోట కూర్చోబెట్టి, బడి మాస్టారు రాసుకుంటే పదిహేను రోజుల పని. ఏటా జనవరిలో దేశమంతటా ఔత్సాహికులు నీటి పక్షులను లెక్కపెడతారు. 1987లో మొదలైన ఈ లెక్క ఆసియాలోని అనేక దేశాల్లో జరుగుతోంది. చెరువు గట్టు మీద ఒక ఉదయం నిలబడి లెక్కపెట్టడానికి రుసుము లేదు, డిగ్రీ అక్కరలేదు.

నీటి పరీక్షకు మాత్రం పరికరం కావాలి. కాలుష్య నియంత్రణ మండలికి, గ్రామీణ నీటి సరఫరా శాఖకు ప్రయోగశాలలున్నాయి. తమ చెరువు నీటిని పరీక్షించమని పంచాయతీ తీర్మానం చేసి పంపవచ్చు. నమూనా తీసేటప్పుడు తెల్లవారుజామున తీయమని కోరాలి. మధ్యాహ్నం తీస్తే నాచు వదిలిన ప్రాణవాయువు వల్ల జబ్బు నీరు కూడా ఆరోగ్యంగా కనబడుతుంది.

రిజిస్టరు పంచాయతీ కార్యాలయంలో ఉండాలి. దాన్ని చూపించమని, గ్రామసభలో చదివి వినిపించమని ఊరివారు ఎవరైనా అడగవచ్చు. ఖాళీగా ఉంటే మొదటి పేజీలో చెరువు పేరు, దాని విస్తీర్ణం, నాలుగు దిక్కుల హద్దులు రాయించడంతో మొదలుపెట్టవచ్చు.